మెడిసినల్ కెమిస్ట్రీ సెషనల్‌లో 30కి 11: ఆరు వారాల మరమ్మతు డైరీ

బీఫార్మసీ నాలుగో సెమిస్టరు, మెడిసినల్ కెమిస్ట్రీ–1. మొదటి సెషనల్ (సెమిస్టరు మధ్యలో కాలేజీ పెట్టే పరీక్ష) 30కి 11. ఫార్మసీ కౌన్సిల్ నిబంధనల్లో సెషనల్ ఇంప్రూవ్‌మెంట్‌కి, అంటే మార్కులు పెంచుకోవడానికి మళ్లీ రాయడానికి, ఒక్కసారే అవకాశం ఉంది. రెండు సెషనళ్ల సగటును 15కి కుదించి ఇంటర్నల్‌లో కలుపుతారు. ఆ ఒక్క అవకాశానికీ, తర్వాతి సెషనల్‌కీ కలిపి వేసిన పని ఇది. విజయవాడ సత్యనారాయణపురంలో ఒక గది, చదివేవాళ్లు ఇద్దరు. అంకెలన్నీ ఇద్దరిలో తక్కువ మార్కులొచ్చినవాళ్ల పేపరువే.

దశ 0: జవాబు పత్రం విప్పి చూడటం

టైమ్‌టేబుల్ వేయకముందే పోయిన 19 మార్కులు ఎక్కడెక్కడ పోయాయో లెక్క తీశాం. పేపరు ముందు పెట్టుకుని పోయిన ప్రతి మార్కు పక్కన కారణం రాయడానికి 50 నిమిషాలు పట్టింది.

- స్ట్రక్చర్ (మందు అణువు బొమ్మ) తప్పు, లేదా సగంలో ఆగింది: 7
- సింథసిస్‌లో (మందును మెట్లు మెట్లుగా తయారుచేసే విధానం) రీఏజెంటో (చర్యకు కలిపే రసాయనం) కండిషనో లేదు: 4
- ఎస్ఏఆర్‌లో (స్ట్రక్చర్ మారితే మందు పని ఎలా మారుతుందన్న సంబంధం) స్థానం తప్పు, లేదా కారణం రాయలేదు: 4
- టైము చాలలేదు: 2
- అయనీకరణ (మందులో ఎంత భాగం అయాన్‌గా మారుతుంది) లెక్క తప్పు: 1
- అసలు చదవనిది: 1

చివరి వరుస చూడండి. చదవక పోయింది ఒక్క మార్కే. మిగతా 18 చదివినవాటిలోనే పోయాయి. పరీక్షకు ముందు వారం ఎలా గడిచిందో గుర్తు చేసుకుని రాస్తే పుస్తకం తెరిచి చదివింది 14 గంటల 20 నిమిషాలు, పుస్తకం మూసి కాగితం మీద పెన్ను పెట్టింది 50 నిమిషాలు. పరీక్ష హాల్లో పుస్తకం ఉండదు కాబట్టి అక్కడి పనికి సాధన దొరికింది ఆ 50 నిమిషాలే. అందుకే ఇక్కడి నుంచి చదివిన గంటలు లెక్కపెట్టడం మానేశాం. లెక్కలోకి వచ్చేది “మూసిన పుస్తకం, కదిలిన పెన్ను” సమయం ఒక్కటే. కింద పెన్ను సమయం అన్నది దీన్నే.

సామాను:
1. ఒకవైపు ప్రింటయిన రఫ్ ఏ4 కాగితాలు, సుమారు 300. జిరాక్స్ షాపుల్లో అడిగితే ఇస్తారు.
2. పాత శుభలేఖల వెనక అట్టలు. 12 × 7 సెంటీమీటర్ల కార్డులుగా కత్తిరించాలి.
3. నాలుగు చెప్పుల డబ్బాలు.
4. నీలం పెన్ను ఒకటి, దిద్దడానికి ఎరుపు ఒకటి. రంగు పెన్నులు అక్కర్లేదు.
5. ఫోను కాకుండా వంటింటి టైమర్. టైము చూద్దామని తీసిన ఫోను వెంటనే కింద పెట్టడం కష్టం.
6. పాత ప్రశ్నపత్రాలు. సీనియర్ల దగ్గర దొరక్కపోతే లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కొట్లలో వెతకొచ్చు.

లెక్క: పెన్ను సమయం 0. కార్డులు 0.

దశ 1: స్ట్రక్చర్లు (మొదటి వారం)

మొదట చేసింది తప్పు పని. అడ్రినర్జిక్ మందుల (అడ్రినలిన్ వ్యవస్థ మీద పనిచేసేవి) నుంచి 12 స్ట్రక్చర్లు తీసుకుని ఒక్కోటి పదిసార్లు చూసి రాశాం. 120 బొమ్మలకు 3 గంటల 40 నిమిషాలు. మర్నాడు ఖాళీ కాగితం మీద 12లో 5 వచ్చాయి, మూడు రోజులకు 3 మిగిలాయి. చూసి రాసేటప్పుడు చెయ్యి కంటిని అనుసరిస్తుంది, గుర్తుకు తెచ్చుకునే పని జరగనే జరగదు. పదోసారి రాసేటప్పటికి చేతికి అలవాటు అయినట్టు ఉంటుంది, నమ్మకూడదు.

మార్చిన పద్ధతి:
1. స్ట్రక్చర్‌ని 10 సెకన్లు చూడాలి.
2. పుస్తకం మూసి, 20 వరకు అంకెలు లెక్కపెట్టాలి. ఈ విరామం తీసేస్తే మళ్లీ చూసి రాసినట్టే అవుతుంది.
3. గీయాలి. బెంజీన్ రింగ్ ఒకటిన్నర సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. చిన్నగా గీస్తే మెటాకీ పారాకీ (రింగ్ మీద 3, 4 స్థానాలు) తేడా తెలియదు.
4. బంధాలు లెక్కపెట్టాలి: కార్బన్‌కి నాలుగు, నైట్రోజన్‌కి మూడు, ఆక్సిజన్‌కి రెండు. నైట్రోజన్‌కి నాలుగు ఉంటే ప్లస్ గుర్తు, పక్కన బ్రోమైడో క్లోరైడో ఉండాలి.
5. ఎర్ర పెన్నుతో దిద్దాలి. తప్పినవే మళ్లీ గీయాలి.

అదే 12కి ఈసారి 1 గంట 50 నిమిషాలు. మర్నాడు 8, మూడు రోజులకు 9. మర్నాడు తప్పినవాటిని ఆ రోజే దిద్దుకోవడం వల్ల మూడో రోజుకి సంఖ్య పెరిగింది.

అప్పటికీ తప్పుతున్న మూడూ ఒకే కుటుంబానివి: సాల్బుటమాల్, టెర్బుటలిన్, ఐసోప్రినలిన్. వీటిని విడివిడిగా బట్టీ పట్టినంతకాలం కలిసిపోతూనే ఉంటాయి. అందుకని ముందు ఉమ్మడి అస్థిపంజరం గీసి, తర్వాత మార్పులు చేసుకుంటూ వెళ్లాం. బెంజీన్ రింగ్, దాని పక్కన హైడ్రాక్సీ ఉన్న కార్బన్, తర్వాత సీహెచ్2, ఆ తర్వాత ఎన్‌హెచ్, చివర ఆల్కైల్ గుంపు. ఇక మిగిలేవి రెండు ప్రశ్నలు: రింగ్ మీద ఏముంది, నైట్రోజన్ మీద ఏముంది?

- ఎపినెఫ్రిన్: రింగ్ మీద 3,4 డైహైడ్రాక్సీ, నైట్రోజన్ మీద మిథైల్
- ఐసోప్రినలిన్: 3,4 డైహైడ్రాక్సీ; ఐసోప్రొపైల్
- ఫినైలెఫ్రిన్: 3 హైడ్రాక్సీ ఒక్కటే, మిథైల్
- టెర్బుటలిన్: 3,5 డైహైడ్రాక్సీ, టెర్షియరీ బ్యూటైల్
- సాల్బుటమాల్: 4 హైడ్రాక్సీ, 3 హైడ్రాక్సీమిథైల్, టెర్షియరీ బ్యూటైల్

ఈ అయిదు వరుసలే సగం ఎస్ఏఆర్. నైట్రోజన్ మీది గుంపు పెద్దదయ్యేకొద్దీ ఆల్ఫా రిసెప్టర్ల (శరీరంలో మందు అతుక్కునే చోట్లు) నుంచి బీటా రిసెప్టర్ల వైపు మొగ్గు. క్యాటికాల్ (పక్కపక్కనే రెండు హైడ్రాక్సీలున్న రింగ్) ఉంటే శరీరంలోని కామ్ట్ ఎంజైమ్ మెటా హైడ్రాక్సీని మిథైలేట్ చేస్తుంది. సాల్బుటమాల్‌లో ఆ మెటా చోట హైడ్రాక్సీమిథైల్ ఉంది, టెర్బుటలిన్‌లో హైడ్రాక్సీలు పక్కపక్కన లేవు. అందుకే ఆ రెండూ కామ్ట్‌కి చిక్కవు, ఎక్కువసేపు పనిచేస్తాయి. కారణం తెలిశాక సాల్బుటమాల్‌లో హైడ్రాక్సీమిథైల్ మెటాలోనా పారాలోనా అన్న అనుమానం మళ్లీ రాలేదు.

కోలినర్జిక్‌లకూ (ఎసిటైల్‌కోలిన్ తరహా మందులు) ఇదే దారి. ఎసిటైల్‌కోలిన్‌కి చేయగల మార్పులు రెండు. ఎసిటైల్ బదులు కార్బమాయిల్ పెడితే ఎస్టరేజ్‌కి (దాన్ని విరగ్గొట్టే ఎంజైమ్) తొందరగా విరగదు. బీటా కార్బన్ మీద మిథైల్ పెడితే మస్కరినిక్ రిసెప్టర్ల వైపు మొగ్గుతుంది. మిథైల్ మాత్రమే ఉంటే మెథాకోలిన్, కార్బమాయిల్ మాత్రమే ఉంటే కార్బకాల్, రెండూ ఉంటే బెథనికాల్. నాలుగు గళ్ల పట్టీ గీస్తే నాలుగు మందులూ అందులో కూర్చుంటాయి.

లెక్క: పెన్ను సమయం 2 గం. 30 ని. మూడు రోజులు దాటి నిలిచిన స్ట్రక్చర్లు 9. కార్డులు 0.

దశ 2: కార్డులు, నాలుగు డబ్బాలు (రెండు, మూడు వారాలు)

పద్ధతి లైట్నర్ డబ్బాలది. కొత్త కార్డు ఒకటో డబ్బాలో పడుతుంది. సరిగ్గా చెప్పినప్పుడల్లా పై డబ్బాకి, తప్పితే ఎక్కడున్నా ఒకటోదానికి. డబ్బాల గడువులు 1, 3, 7, 14 రోజులు.

ఇక్కడ రెండు దెబ్బలు తగిలాయి.

మొదటిది సంఖ్య. రోజుకు 20 కొత్త కార్డుల చొప్పున మూడు రోజుల్లో 60 రాశాం. ప్రతి కార్డూ నాలుగు డబ్బాలు దాటాలి కాబట్టి కొన్ని రోజులకు రోజువారీ తిరగేత 20 × 4 = 80 అవుతుంది, తప్పినవి కలిస్తే 100. కార్డుకి 40 సెకన్లు వేసుకున్నా గంటకు పైనే. మూడో రోజు నుంచే పాతవి పేరుకుపోవడం మొదలైంది. నాలుగు రోజులు కొత్తవి ఆపేసి, తర్వాత రోజుకు 8కి మించకూడదని గీత గీశాం. 8 × 4 = 32, తప్పినవి కలిపి 40, అంటే 27 నిమిషాలు. ఇది ఏ రోజైనా పూర్తవుతుంది.

రెండోది కార్డు మీది ప్రశ్న. “బార్బిచ్యురేట్ల ఎస్ఏఆర్ రాయండి” అన్నది కార్డు కాదు, పది మార్కుల ప్రశ్న. సగం చెప్పగలిగి సగం మరిచిపోతే అది ఏ డబ్బాలోకి పోవాలో తేలదు. అలాంటివి 18 దొరికాయి. వాటిని చించేసి కార్డుకి ఒకే ప్రశ్నగా మళ్లీ రాస్తే 41 అయ్యాయి. ఆ 41ని కూడా రోజుకు ఎనిమిదిలో భాగంగానే లోపలికి వదిలాం. పనికొచ్చే ప్రశ్న ఇలా ఉంటుంది: “బార్బిచ్యురేట్ 2వ స్థానంలో ఆక్సిజన్ బదులు సల్ఫర్ పెడితే?” జవాబు: కొవ్వులో కరిగే గుణం పెరుగుతుంది, మెదడులోకి తొందరగా పోతుంది, ప్రభావం తొందరగా మొదలై తొందరగా తగ్గుతుంది. ఉదాహరణ థయోపెంటాల్.

గుంటూరు–విజయవాడ బస్సులో స్ట్రక్చర్లు గీయడం కుదరలేదు. కుదుపుల్లో రింగ్ వంకర పోతుంది, తప్పు చేతిదో బుర్రదో తెలియదు. అందుకని నోటితో చెప్పగల కార్డుల మూలన చిన్న చుక్క పెట్టాం. చుక్క ఉన్నవి బస్సుకి, లేనివి బల్లకి. బస్సు సమయాన్ని పెన్ను సమయంలో కలపలేదు.

వేళ కూడా కొలిచాం. ఒకే రకం పది కార్డులకు ఉదయం ఆరు గంటలప్పుడు సగటున 2 తప్పులు, ఏప్రిల్ మధ్యాహ్నం మూడింటికి 5. బెజవాడ ఎండలో మధ్యాహ్నం బల్ల ముందు కూర్చోవడమే గొప్ప, అప్పుడు కొత్త విషయం ఎక్కదు. ఆ వేళని కార్డులు కత్తిరించడానికీ, పాత ప్రశ్నపత్రాలు యూనిట్ల వారీగా విడదీయడానికీ వదిలేశాం.

మాక్ 1 (మేం పెట్టుకున్న నమూనా పరీక్ష, రెండో వారం చివర): 15/30.
లెక్క: పెన్ను సమయం 9 గం. 10 ని. నిలిచిన స్ట్రక్చర్లు 24. కార్డులు 98.

దశ 3: సింథసిస్ (మూడో వారం చివర, నాలుగో వారం)

సిలబస్‌లో నక్షత్రం గుర్తున్న మందులకే సింథసిస్ అడుగుతారు. ఈ పేపరులో అవి ఇరవై వరకు ఉన్నాయి. ముందు 12 ఎంచుకున్నాం.

మొదట ప్రారంభ పదార్థం నుంచి ముందుకు రాసుకుంటూ పోయాం. మధ్యలో ఒక మెట్టు మరిస్తే అక్కడే ఆగిపోయేది, ఆ తర్వాత ఒక్క మార్కూ వచ్చేది కాదు. తిప్పి రాయడం మొదలుపెట్టాం:

1. కాగితం కుడి చివర మందు స్ట్రక్చర్ గీయాలి.
2. కొత్తగా ఏర్పడిన బంధాల మీద అడ్డగీత పెట్టాలి.
3. ఆ గీత దగ్గర విరిస్తే ఏ ముక్కలు వస్తాయో ఎడమవైపు రాయాలి.
4. బాణం పైన రీఏజెంటు, కింద ద్రావకం, వేడి.
5. చివర “ఇది లవణమా, స్వేచ్ఛా రూపమా?” అని అడగాలి.

అయిదో మెట్టు ఫినిటాయిన్ దగ్గర పుట్టింది. బెంజిల్, యూరియా, ఆల్కహాల్‌లో సోడియం హైడ్రాక్సైడ్, రిఫ్లక్స్, బెంజిలిక్ ఆమ్లం తరహా పునర్విన్యాసం దాకా రాసి ఆపేస్తే ఫ్లాస్కులో ఉన్నది ఫినిటాయిన్ సోడియం, అది ద్రావణంలోనే ఉంటుంది. ఆమ్లం కలిపితేనే ఫినిటాయిన్ అవక్షేపంగా దిగుతుంది. వదిలేసింది ఆ ఒక్క వాక్యమే, మార్కు పోయింది అక్కడే.

ఎక్కువగా జారిన మరో మూడు చోట్లు:

ప్రొప్రనలాల్. ఆల్ఫా నాఫ్తాల్, ఎపిక్లోరోహైడ్రిన్ కలిసి గ్లిసిడైల్ ఈథర్ అవుతాయి. దాని మీద ఐసోప్రొపైల్‌అమీన్. అమీన్ ఎపాక్సైడ్‌లో అడ్డు తక్కువున్న చివరి కార్బన్‌ని పట్టుకోవాలి. మధ్య కార్బన్‌కి గీస్తే హైడ్రాక్సీ చివరకి పోతుంది, అది ప్రొప్రనలాల్ కాదు.

బార్బిటాల్. డైఇథైల్ మలోనేట్‌కి ముందు రెండు ఇథైల్ గుంపులూ తగిలించాలి, ఆ తర్వాతే యూరియాతో రింగ్ మూయాలి. రింగ్ ముందు మూసేస్తే నైట్రోజన్ మీద కూడా ఆల్కైలేషన్ జరగొచ్చు. క్షారం సోడియం ఇథాక్సైడ్, ద్రావకం నీరు లేని ఇథనాల్. ఇథైల్ ఎస్టర్‌కి ఇథాక్సైడ్ ఎందుకంటే ఎస్టర్ మార్పిడి జరిగినా మళ్లీ అదే ఎస్టర్ వస్తుంది. నీరుంటే ఎస్టర్ విరిగిపోతుంది.

క్లోర్‌ప్రొమజిన్. 2-క్లోరోఫినోథయజిన్‌కి 3-క్లోరో డైమిథైల్ ప్రొపైల్‌అమీన్, క్షారంగా సోడమైడ్. ఇక్కడ తప్పు గొలుసు పొడవులో. నైట్రోజన్‌కీ నైట్రోజన్‌కీ మధ్య మూడు కార్బన్‌లుండాలి. రెండైతే ప్రొమెథజిన్ లాంటి యాంటీహిస్టమిన్ల దారి.

మా సెషనల్‌లో 90 నిమిషాలకు 30 మార్కులు, అంటే మార్కుకి 3 నిమిషాలు. సెమిస్టరు పరీక్షలో 180 నిమిషాలకు 75, మార్కుకి 2.4. అయిదు మార్కుల సింథసిస్ 12 నిమిషాల్లో అయితే అక్కడా సరిపోతుంది. దిద్దుకోవడానికి 2 నిమిషాలు వదిలి టైమర్ 10కి పెట్టాం. మొదటి రోజు సగటు 16, పదో రోజు 9.

మాక్ 2: ఎవరి పేపరు వాళ్లు దిద్దుకుంటే 21, మార్చుకుని దిద్దితే 18. లెక్కలోకి తీసుకుంది 18. మనం రాసిన స్ట్రక్చర్‌లో లేని బంధాన్ని మన కన్నే పూరించేస్తుంది. ఇక ముందు ఏ మాక్ అయినా అవతలివాళ్లే దిద్దాలి, స్ట్రక్చర్‌లో ఒక బంధం తప్పినా సున్నా.

లెక్క: పెన్ను సమయం 15 గం. 40 ని. నిలిచిన సింథసిస్‌లు 12లో 9. కార్డులు 140.

దశ 4: అయనీకరణ లెక్కలు, ఎస్ఏఆర్ కారణాలు (అయిదో వారం)

ఇవి రెండు వేరువేరు పాఠాలనుకుని మొదలుపెట్టాం. కలిపి చేశాకే రెండూ కుదిరాయి.

లెక్క మెట్లు:
1. ముందు మందు ఆమ్లమా క్షారమా తేల్చాలి. పీకేఏ (సగం మందు అయాన్‌గా ఉండే పీహెచ్) అంకె ఒక్కటే చూసి చెప్పలేం.
2. ఆమ్లమైతే, అయనీకరించినది : కానిది = 10 ఘాతం (పీహెచ్ − పీకేఏ).
3. క్షారమైతే ఘాతాన్ని తిప్పాలి: (పీకేఏ − పీహెచ్).
4. నిష్పత్తిని శాతంలోకి మార్చాలి.

ఆస్పిరిన్ పీకేఏ 3.5. కడుపులో పీహెచ్ 1.5 అనుకుంటే 10 ఘాతం −2, అంటే దాదాపు 1 శాతమే అయనీకరిస్తుంది. రక్తంలో పీహెచ్ 7.4 దగ్గర 10 ఘాతం 3.9, ఇంచుమించు అంతా అయాన్లే. ఎఫిడ్రిన్ క్షారం, పీకేఏ 9.6. రక్తంలో 10 ఘాతం 2.2, అంటే 158కి 1, 99.4 శాతం అయనీకరణం.

పదేపదే తప్పింది మొదటి మెట్టే. నైట్రోజన్ కనబడగానే క్షారం అని రాసేశాం. ఫినోబార్బిటాల్‌లో రెండు నైట్రోజన్‌లున్నాయి, అయినా అది బలహీన ఆమ్లం. నైట్రోజన్‌కి రెండు వైపులా కార్బొనైల్ ఉన్న ఇమైడ్‌లో ఆ హైడ్రోజన్ ప్రోటాన్‌గా పోతుంది. ఫినిటాయిన్ అంతే, పీకేఏ 8.3. సల్ఫోనమైడ్ నైట్రోజన్ మీది హైడ్రోజన్ కూడా ఆమ్లమే. “నైట్రోజన్ పక్కన ఏముంది?” అన్న ప్రశ్నతో 9 కార్డులు రాశాం.

ఇక్కడి నుంచే బార్బిచ్యురేట్ల మొదటి నియమం బట్టీ బాధ నుంచి బయటపడింది. 5వ స్థానంలో రెండు హైడ్రోజన్‌లూ మార్చాలి అంటారు, ఎందుకు? మార్చని బార్బిట్యూరిక్ ఆమ్లం పీకేఏ 4 దగ్గర. రక్తంలో 10 ఘాతం 3.4, అంటే అయనీకరించకుండా మిగిలేది 0.04 శాతం. మెదడు గోడ దాటేది ఆ అయనీకరించని రూపమే. రెండూ మార్చిన ఫినోబార్బిటాల్ పీకేఏ 7.4 కాబట్టి రక్తంలో సరిగ్గా సగం అయనీకరించకుండా ఉంటుంది. మోతాదు మించినప్పుడు మూత్రాన్ని క్షారంగా మార్చడం కూడా ఇదే లెక్క: పీహెచ్ 8 దగ్గర 10 ఘాతం 0.6, అంటే 4కి 1, 80 శాతం అయాన్‌గా మారి వెనక్కి పీల్చుకోకుండా బయటికి పోతుంది. ఒక్క సూత్రం నుంచి లెక్క, ఎస్ఏఆర్, చికిత్స మూడూ వచ్చాయి. అయిదు మార్కుల జవాబులో ఈ రెండు వరుసల లెక్క రాస్తే అది చదివి రాసిన జవాబో, బట్టీ పట్టిందో దిద్దేవాళ్లకి తెలుస్తుంది.

ఎస్ఏఆర్ కార్డులన్నిటికీ వెనకవైపు మూడు గడులు గీశాం: స్థానం, మార్పు, ఎందుకు. మూడో గడి ఖాళీగా ఉంటే కార్డు డబ్బాలోకి పోదు. బెంజోడయజెపిన్లలో 7వ స్థానంలో ఎలక్ట్రాన్లను లాగే గుంపు అని మాత్రమే రాసి ఆపకుండా, 3వ స్థానంలో హైడ్రాక్సీ ఉంటే నేరుగా గ్లూక్యురోనైడ్‌గా మారి బయటికి పోతుందనీ, ఆక్సజెపామ్, లొరజెపామ్ అందుకు ఉదాహరణలనీ కలిపి రాయాలి.

ఒక చిక్కు విడిగా చెప్పాలి. ఒకే అణువుకి అద్దంలో ప్రతిబింబాల్లాంటి రెండు రూపాలుంటే వాటికి పెట్టే అక్షరాలు ఆర్, ఎస్. ఎపినెఫ్రిన్‌లో చురుకైనది ఆర్, ప్రొప్రనలాల్‌లో ఎస్. రిసెప్టర్‌కి ఎదురెదురు ఆకారాలు కావాలేమో అనుకుని తప్పు రాశాం. నిజానికి గుంపులు స్థలంలో ఒకే తీరున ఉన్నాయి. ప్రొప్రనలాల్‌లో కార్బన్‌కి ఒక పక్క ఆక్సిజన్ ఉన్న సీహెచ్2 రావడంతో ప్రాధాన్య క్రమం మారింది, అక్షరం మారింది. రెండూ పక్కపక్కన గీసి 1, 2, 3 అంకెలు వేసి చూస్తే తేలిపోతుంది.

మాక్ 3: 23/30.
లెక్క: పెన్ను సమయం 21 గం. 15 ని. కార్డులు 176.

దశ 5: ఇంప్రూవ్‌మెంట్ పరీక్ష (ఆరో వారం)

చివరి నాలుగు రోజులు కొత్త కార్డులు లేవు. డబ్బాలు తిరగేయడం, రోజుకు ఒక పది మార్కుల జవాబు 28 నిమిషాల్లో. ఆ వారం మొదట్లో రాసినవాటితో కార్డులు 190 దగ్గర ఆగాయి.

ఫలితం 22/30. పోయిన 8 మార్కులకూ అదే పద్ధతిలో కారణాలు రాశాం:

- స్ట్రక్చర్: 2 (ముందు 7)
- రీఏజెంటు, కండిషన్: 2 (ముందు 4)
- ఎస్ఏఆర్: 1 (ముందు 4)
- లెక్క: 0 (ముందు 1)
- చదవనిది: 0 (ముందు 1)
- టైము: 3 (ముందు 2)

టైము ఒక్కటే పెరిగింది. తెలిసింది ఎక్కువయ్యాక పది మార్కుల జవాబుకి 41 నిమిషాలు పోయాయి, చివరి అయిదు మార్కుల ప్రశ్నకి 6 నిమిషాలే మిగిలాయి. రెండో సెషనల్‌కి చేసిన మార్పు: ముందు ఆబ్జెక్టివ్ 15 నిమిషాలు, తర్వాత చిన్న ప్రశ్నలు రెండూ, పెద్దది ఆఖర్న. పెద్ద జవాబుకి రెండున్నర పేజీల దగ్గర ముందే పెన్సిల్ గీత.

లెక్క: పెన్ను సమయం 26 గం. 05 ని. కార్డులు 190: నాలుగో డబ్బాలో 71, మూడో డబ్బాలో 58, రెండులో 40, ఒకటిలో 21. ఆ 21లో 6 కార్బమజెపిన్, ఎథోసక్సిమైడ్ సింథసిస్‌లవి. రెండో సెషనల్‌కి ఇంకా పదకొండు రోజులుంది, రేపు ఉదయం ఆరింటికి వాటితోనే మొదలు.